ముసలి కుక్క చివరి రోజులు: సూది, గుంత, ఆ తర్వాత ఇల్లు (కర్నూలు, అనంతపురం, కడప వాళ్లకు)

హంద్రీగట్టు (నిర్వాహకుడు, కర్నూలు)

మార్చి దాటితే చాలు, ఇక్కడ ఒకే ప్రశ్న పది రకాలుగా వస్తుంది: కుక్క ముసలిదైంది, లేవడం లేదు, ఇప్పుడేం చేయాల? జవాబులు పాత చర్చల్లో తలా ఒక చోట పడి ఉన్నాయి. అన్నీ ఇక్కడికి తెస్తున్నాం. సూది (బాధ లేకుండా ప్రాణం తీసేది) వేయించాలా వద్దా, వేయిస్తే ఎట్ల, యాడ పూడ్చాల, ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని సంగతేంది, పిల్లలకు ఏం చెప్పాల.

షరతు ఒకటే. మీ కుక్క ముచ్చట్లు, ఫోటోలు 'జ్ఞాపకాలు' విభాగంలో పెట్టండి, అక్కడ అందరం చదువుతాం. ఇక్కడ పని మాటలే. ఇది చదివేవాళ్లలో సగం మంది పక్కన కుక్కను పడుకోబెట్టుకొని చదువుతుంటారు.

మొదట తేలాల్సింది 'ఎప్పుడు' అనేది. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

పశువైద్యం_పొద్దుటూరు

"అన్నం తింటోంది కదా, బాధేం లేదు" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. కుక్క నొప్పిలో కూడా తింటుంది, మనిషిని చూస్తే తోక కూడా ఊపుతుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి. చల్లటి గదిలో కదలకుండా ఉండి కూడా రొప్పుతోందా? రాత్రంతా చోటు మారుస్తూ, పడుకోబోయి మళ్లీ లేస్తోందా? ఒకే చోట నాకుతోందా? ఎప్పుడూ లేనిది ముట్టుకుంటే గుర్రుమంటోందా?

లెక్క కావాలనే వాళ్లకు ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఇచ్చిన కొలత ఉంది. ఏడు అంశాలు: నొప్పి (ఊపిరి ఆడటం ఇందులోకే వస్తుంది), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉల్లాసం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు, మొత్తం 70. 35 దాటితే ఇంట్లో పెట్టుకొని చూసుకోవచ్చని దాని అర్థం. ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా, ఒకరిది ఒకరికి చూపించకుండా మార్కులు వేయండి. కుక్కకు రోజూ మూత్రం, మలం ఎత్తేవాళ్ల మార్కులు ఎప్పుడూ తక్కువ వస్తాయి, వాళ్లవే నిజానికి దగ్గర. ఒకరోజు మార్కు కంటే వారం వారం ఎటు పోతోందన్నది ముఖ్యం.

గుండె జబ్బు కుక్కకు ఇంకో కొలత: గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రెండు మూడు సార్లు చూసినా 30 దాటుతుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టు అనుమానించాలి. ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

కిడ్నీ జబ్బు కుక్కల రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే అంకె) 5 దాటితే, కిడ్నీ జబ్బుకు పశువైద్యులు వాడే ఐరిస్ లెక్కలో నాలుగో దశ, అంటే చివరిది. కానీ ఒంట్లో నీరు తగ్గినా ఆ అంకె పెరుగుతుంది. నీళ్లు ఎక్కించాక మళ్లీ పరీక్ష చేయకుండా ఒక్క రిపోర్టు చూసి నిర్ణయం తీసుకోకండి.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం)

మేడమ్, ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోరు. "దాని సావు అది సస్తాది, సూదేసి సంపేదానికి మనమెవరం" అంటారు. దాన్నట్ల వదిలేస్తే ఎట్ల ఉంటాదో కొంచెం ఉన్నదున్నట్టు చెప్పండి.

పశువైద్యం_పొద్దుటూరు

జబ్బును బట్టి ఉంటుంది. వయసు మీద పడి, తిండి తగ్గి, నిద్రలోనే పోయే కుక్కలు ఉన్నాయి, కానీ తక్కువ. కిడ్నీలు పూర్తిగా పోతే అవి బయటికి పంపాల్సిన విషం రక్తంలో పేరుకుని వాంతులు, నోట్లో పుండ్లు, నోటి నుంచి అమోనియా వాసన, ఆఖర్న ఫిట్స్. దీనికి రోజులు పడుతుంది. గుండె ఆగిపోయే దశలో ఊపిరి అందక కూర్చునే ఉంటుంది, పడుకోలేదు. ప్లీహంలో గడ్డ పగిలితే గంటల్లో పోతుంది.

సూది వద్దనుకుంటే వద్దు, అది కుటుంబం నిర్ణయం. కానీ సూది వద్దనడం, మందులు ఆపేయడం ఒకటి కాదు. వాంతి ఆపే మందు, నొప్పి మందు, పక్క మార్చడం, నోరు తడపడం చివరి గంట దాకా జరగాలి. పెద్దవాళ్లకు ఇట్లా చెబితే వింటారు.

ఏడురోడ్లు (కడప)

ఇంకోటి కూడా చెప్పాల. లేవలేని కుక్కను ఆటోలో తీసుకుపోయి మార్కెట్ యార్డు దగ్గరో, కొండ కిందో వదిలేసి "దాని తలరాత" అంటారు కొందరు. ఆకలికి, దాహానికి అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. నేరం సంగతి అట్లుంచితే, ఇంటి కుక్కకు వీధిలో బతకడం రాదు. వేరే కుక్కలు మొదటి రాత్రే చంపేస్తాయి.

బుగ్గవంక (కడప)

పడక గురించి నేను రాస్తా. ఎండాకాలంలో కుక్కను బండ మీద పడుకోబెడతారు, చల్లగా ఉంటుందని. మన నాపరాయి చల్లదనం నిజమే, కానీ లేవలేని కుక్కకు మోచేతి దగ్గర, తుంటి ఎముక దగ్గర, మడమ దగ్గర రెండు మూడు రోజుల్లో చర్మం కమిలి పుండు పడుతుంది. కింద ప్లాస్టిక్ కవర్, దాని మీద మందపాటి బొంత, పైన పాత నూలు చీర నాలుగు మడతలు. తడిసిందల్లా చీర తీసేయొచ్చు. ఒకే పక్క నాలుగు గంటలకు మించి ఉంచొద్దు, బక్కచిక్కిన కుక్కైతే రెండు గంటలే. తిప్పేటప్పుడు కాళ్లు పట్టి దొర్లించొద్దు. మొదట పొట్ట మీద కూర్చున్నట్టు లేపి, అప్పుడు రెండో పక్కకు వాల్చాల.

తోక కింద, తొడల మధ్య వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. మూత్రం తడి, ఈగలు, ఎండ మూడూ కలిస్తే ఈగ గుడ్లు ఒక్క రోజులో పురుగులవుతాయి. పొద్దున, సాయంత్రం టార్చి వేసి మడతలన్నీ చూడాల. బియ్యపు గింజల మాదిరి తెల్లగా అంటుకొని ఉంటే అవే గుడ్లు, దువ్వెనతో తీసేయండి. పురుగులు పడితే కిరోసిన్, ఫినాయిలు పోయొద్దు, చర్మం కాలిపోతుంది. డాక్టరు శుభ్రం చేసి మందు వేయాల.

కూలర్ పెడితే కిటికీ తెరిచే పెట్టాల. రేకుల గదిలో మధ్యాహ్నం పూట మాత్రం ఉంచొద్దు, కూలర్ ఉన్నా సరే.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తిండి, నీళ్లు: పడుకొని ఉన్న కుక్క నోట్లో గ్లాసుతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పొట్ట మీద కూర్చోబెట్టి, తల నిటారుగా కాకుండా మామూలుగా ఉంచి, సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా. మింగిందాకా ఆగి, మళ్లీ. మింగడం లేదంటే ఆపేయాల, పెదవులు తడిపితే చాలు.

కిడ్నీ కుక్కకు ఎముకల పులుసు, కాలేయం బలమని పెట్టేస్తుంటారు. వాటిలో భాస్వరం ఎక్కువ, అదే దానికి బరువు. మెత్తటి అన్నంలో ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన నయం. అయితే ఇక ఒకటి రెండు రోజులే అని డాక్టరు చెప్పినప్పుడు ఈ పథ్యాలన్నీ పక్కన పెట్టండి, ఏది తింటే అది. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష తప్ప.

ఇంట్లో చర్మం కింద సెలైన్ ఎక్కించేవాళ్లకు ఒక హెచ్చరిక. మందుల షాపులో 'సెలైన్' అంటే డీఎన్‌ఎస్ సీసా చేతిలో పెడతారు. అందులో గ్లూకోజు ఉంటుంది, చర్మం కింద పోస్తే గడ్డ కట్టి చీము పడుతుంది. డాక్టరు రాసింది రింగర్ లాక్టేట్ అయితే సీసా మీద అదే పేరు చదువుకొని తీసుకోండి. ఒకే చోట కిలోకు 10 నుంచి 20 మి.లీ. మించి పోయరు. మొత్తం ఎంత అన్నది డాక్టరు చెప్పాల. ఎండలో ఉన్న సీసా వేడెక్కి ఉంటుంది, చేతి మీద చూసుకోండి. గుండె జబ్బు ఉన్న కుక్కకు ఇంట్లో సెలైన్ వద్దే వద్దు.

సప్తగిరి_సర్కిల్

నొప్పికి మనుషుల మాత్రలు సగం చేసి వేయొచ్చా? డోలో, కాంబిఫ్లామ్ లాంటివి?

పశువైద్యం_పొద్దుటూరు

వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ముసలి కుక్కకు ఆ రెండూ ముందే బలహీనం. నల్లటి తారు లాంటి మలం కనిపిస్తే కడుపులో రక్తం కారుతోందని అర్థం. పారాసిటమాల్ మోతాదు దాటితే కాలేయం పోతుంది. కుక్కలకు వాడే నొప్పి మందు మెలోక్సికామ్ కూడా కిడ్నీ జబ్బు ఉంటే ప్రమాదమే. గాబాపెంటిన్ పనికొస్తుంది, కానీ మనుషుల సిరప్‌లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కకు విషం. మాత్ర గానీ గుళిక గానీ అడగండి, మోతాదు డాక్టరు చెప్పినంతే.

పెన్నఇసక (కడప)

సూది వేసేటప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. మేడమ్, ఒక్కసారి పద్ధతి ప్రకారం చెప్పండి.

పశువైద్యం_పొద్దుటూరు

మొదట మత్తు. కండలోకి ఒక సూది, పది పదిహేను నిమిషాల్లో కుక్క తూలి పడుకుంటుంది. ఇందులో జైలజిన్ అనే మందు వాడితే కొన్ని కుక్కలు వాంతి చేసుకుంటాయి, అందుకే ఆ పూట కడుపునిండా పెట్టకండి. ఇష్టమైనది రెండు ముక్కలు చాలు. తర్వాత ముందుకాలి రక్తనాళంలో సన్నటి గొట్టం పెట్టి టేపు చుడతారు. ఒంట్లో నీరు లేని కుక్కకు నాళం దొరకదు, అక్కడే ఆలస్యం అవుతుంది, కాబట్టి పరిస్థితి మరీ దిగజారే దాకా ఆగొద్దు. ఆ గొట్టంలో థయోపెంటోన్ లేదా పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. స్పృహ పోతుంది, ఊపిరి ఆగుతుంది, తర్వాత గుండె. మందు నాళంలోకి సరిగా వెళితే ఒకటి రెండు నిమిషాల పని.

కొన్నిచోట్ల మత్తు తర్వాత పొటాషియం క్లోరైడ్ గానీ మెగ్నీషియం సల్ఫేట్ గానీ వాడి గుండె ఆపుతారు. కుక్క పూర్తి స్పృహ తప్పి ఉంటేనే అది సరైన పద్ధతి. కన్ను ముట్టుకుంటే రెప్ప కదిలినా, వేలి మధ్య గట్టిగా గిల్లితే కాలు లాక్కున్నా మత్తు చాలనట్టే. మెలకువతో ఉన్న కుక్కకు నేరుగా ఆ సూది వేస్తే భరించలేని బాధ. ఏ మందు, ఏ వరుసలో అని ముందే అడగండి. అడగడం తప్పు కాదు, అడిగితే విసుక్కునే చోట చేయించకండి.

తర్వాత జరిగేవి: కళ్లు తెరిచే ఉంటాయి. మూత్రం, మలం జారుతాయి. రెండు మూడు సార్లు ఊపిరి లాగినట్టు ఎగపోస్తుంది, కండరాలు అదురుతాయి. బతికి వచ్చిందని కాదు, శరీరం వదిలే చివరి కదలికలు. స్టెతస్కోపుతో గుండె విని ఆగిందని డాక్టరు చెప్పేదాకా గొట్టం తీయనివ్వకండి.

వేళ: మే నెలలో పొద్దున ఏడు ఎనిమిది గంటలకు పెట్టుకోండి. సాయంత్రం పెట్టుకుంటే చీకట్లో గుంత తవ్వాల్సి వస్తుంది.

కొండారెడ్డి_బురుజు

ఊర్లకు తిరిగే 1962 నంబరు పశువైద్య బండి ముఖ్యంగా పశువులు, గొర్రెలు, మేకల కోసం పెట్టింది. కుక్క సూదికి దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. దగ్గర్లోని పశువుల ఆసుపత్రి డాక్టరును ముందే కలిసి, ఇంటికి వస్తారా, ఏ మందు ఉంది, ఎంత అవుతుంది అని మాట్లాడి పెట్టుకోండి. ఆదివారం రాత్రి మొదలుపెడితే ఏదీ దొరకదు.

నల్లరేగడి (కోవెలకుంట్ల)

ఇక గుంత. ఇది సూది వేయించే ముందు రోజే తవ్వి పెట్టాల, కుక్క కంటపడకుండా. చాలామందికి ఇది రాతిగుండె పని అనిపిస్తుంది. తర్వాత రోజు శవాన్ని వరండాలో పెట్టి గడ్డపార కోసం ఊరంతా తిరిగేదానికంటే మేలు.

లాబ్రడార్ సైజు కుక్కకు నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, నాలుగడుగుల లోతు. శవం పైన మూడడుగుల మట్టి పడాల, అదీ లెక్క. నల్లరేగడిలో తవ్వడం సులభమే, తర్వాతే తిప్పలు. ఎండాకాలం నేల నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెల్లోంచి వాసన పైకొస్తుంది, ఊర కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. అందుకని మట్టిని ఒక్కసారిగా తోసేయకుండా అడుగు మందం పోసి, నీళ్లు చల్లి, తొక్కి, మళ్లీ పోయాల. భూమికి అడుగు కింద ఒక నాపరాయి పరచండి, బేతంచెర్ల బండైనా సరే. బండను నేరుగా శవం మీద పెడితే లోపల కుంగినప్పుడు ఒరిగిపోతుంది. పైన ఇంకో అడుగు ఎత్తు గుట్ట కట్టండి. మొదటి వానకు రేగడి దిగుతుంది, గుట్ట లేకుంటే అక్కడ నీళ్లు నిలుస్తాయి.

కంపచెట్టు (కళ్యాణదుర్గం)

మా ఎర్రనేలలో కథ వేరే. రెండడుగులకే గరుసు తగులుతాది, గడ్డపార దిగదు. ముందు రోజు సాయంత్రం కొలత గీసి, అడుగు తీసి, నాలుగైదు బిందెల నీళ్లు పోసి వదిలేయండి. తెల్లారేసరికి కొంచెం మెత్తబడుతాది. అప్పటికీ మూడడుగులకు మించి దిగకపోతే ఆ చోటు వదిలి చేను గట్టు పక్కన, మట్టి కొట్టుకొచ్చి పేరుకున్న చోట చూడండి. లోతు తక్కువైంది, పైన రాళ్లు పేరుస్తాం అంటారు. రాళ్ల సందుల్లోంచి వాసన పోతాది, నాలుగో రోజు కుక్కలు వచ్చి చేరతాయి.

పూడ్చినాక పైన కంప కప్పండి. రేగు కంపైనా, సర్కారు తుమ్మైనా. రెండు వరుసలు పరిచి రాళ్లు పెట్టాల, గాలికి పోకుండా. నెలన్నర ఉంచితే చాలు.

నల్లరేగడి

కంప మాట నిజం. అడుగు కింద బండ, పైన కంప, రెండూ ఉంటే ఇక చూడక్కర్లేదు. 👍

పెన్నఇసక

ఉప్పు, సున్నం పోయాలంటారు కదా, తొందరగా మట్టిలో కలిసిపోతుందని?

నల్లరేగడి

రెండూ పోయొద్దు. సున్నం వాసన తగ్గిస్తుంది, కానీ కుళ్లడాన్ని నిదానం చేస్తుంది, అనుకున్నదానికి తలకిందులు. ఉప్పు కూడా అంతే, పైగా అక్కడ చెట్టు మొలవదు. ఆచారం కోసమైతే పిడికెడు వేయండి, బస్తా వద్దు. పాలిథిన్ కవర్లో చుట్టి పూడ్చడం అన్నిటికంటే చెడ్డది, లోపల ఏళ్ల తరబడి అట్లే ఉంటుంది. పాత నూలు దుప్పటి గానీ గోనె పట్ట గానీ చాలు. మెడపట్టీ, నైలాన్ బెల్టు తీసేయండి.

మొక్క నాటేవాళ్లు గుంత నడిమధ్యన నాటొద్దు. రెండడుగులు పక్కకు జరగండి, వేర్లు వాటంతట అవే వస్తాయి. వేప, కానుగ అయితే తర్వాత నీళ్లు పోయకున్నా బతుకుతాయి.

పశువైద్యం_పొద్దుటూరు

మట్టి చేసేవాళ్లు మరిచిపోకూడని ఒక సంగతి. పెంటోబార్బిటాల్ శవంలో చాలా కాలం నిలిచి ఉంటుంది. దాన్ని తవ్వి తిన్న కుక్క, నక్క, గద్ద ఏదైనా మత్తులో పడి చస్తుంది. అందుకే లోతు విషయంలో రాజీ వద్దు. కుంటలో, కాలువలో పడేయడం అసలే వద్దు. కేసీ కెనాల్ గట్టు, హంద్రీ, పెన్నా ఇసుక కూడా వద్దు, వరదకు పైకి తేలుతుంది. బోరుకు, బావికి కనీసం 30 మీటర్లు ఎడం, ఇంకా ఎక్కువైతే మంచిది. వాలు ఉన్న నేలైతే బావికి కింది వైపు.

ప్రాణం పోయాక అర గంట, గంట లోపే కాళ్లు ముడిచి, తల వంచి, పడుకున్నట్టు సర్దండి. ఎండలో ఇంకా తొందరగా బిగుసుకుంటుంది, ఆ తర్వాత గుంతలో పట్టదు. చేతులకు గ్లౌజులు, తోక కింద పాత గుడ్డ. ఆలస్యమయ్యేటట్టుంటే నీడలో ఫ్యాను కింద, గుడ్డలో చుట్టిన ఐసు పొట్ట మీద పెట్టండి, ఉబ్బేది ముందు పొట్టే. 42 డిగ్రీల ఎండలో ఏసీ లేని చోట ఐదారు గంటలకు మించి ఉంచొద్దు.

ఏడురోడ్లు

పెరడు లేని వాళ్లం ఏం చేయాల? టౌన్లో ఇల్లంతా బండలే, మట్టి కనపడదు.

హంద్రీగట్టు (నిర్వాహకుడు)

రెండే దారులు. తెలిసినవాళ్ల చేను, వాళ్ల అనుమతితో. లేదంటే మున్సిపల్ కార్పొరేషన్ పారిశుద్ధ్య విభాగానికి ఫోన్ చేసి, శవాన్ని యాడ పూడుస్తారో, మీరు వెంట రావచ్చో కనుక్కోండి. ఇదీ ముందే కనుక్కోవాల్సిన పనే. చెత్త డబ్బాలో, చెత్త బండిలో మూట కట్టి వేయొద్దు, పారిశుద్ధ్య కార్మికులు చేతులతో ఎత్తుతారు. ఖాళీ ప్లాటు కనిపించింది కదా అని రాత్రిపూట పూడ్చేస్తే, రేపు పునాది తవ్వేటప్పుడు గొడవ. కాల్చడం గురించి అడిగేవాళ్లకు: కట్టెలు పేర్చి కాలిస్తే పైపైన కాలి సగం మిగులుతుంది, మళ్లీ పూడ్చాల్సిందే.

కంపచెట్టు

ఉన్నట్టుండి చచ్చిపోతే? సాయంత్రం దాకా బాగుండి పొద్దున్నే నురగ కక్కి పడి ఉంటే?

పశువైద్యం_పొద్దుటూరు

విషం కావచ్చు. పురుగుమందు, ఎలుకల మందు, మనవైపు రెండూ పొలాల్లోనే ఉంటాయి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు తిన్న కుక్క వాంతిలోంచి వెల్లుల్లి వాసన లాంటి గ్యాసు వస్తుంది, అది మనిషికీ ప్రమాదమే. తలుపులు తీసి, గాలి మన వైపు నుంచి అటు వీచేలా నిలబడాలి. కారణం తేలాలంటే శవపరీక్ష కొన్ని గంటల్లోనే జరగాలి. శవాన్ని చల్లగా ఉంచండి, ఫ్రీజర్లో గడ్డ కట్టించొద్దు. వాంతిని మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో పెట్టండి. పొద్దుటూరు చుట్టుపక్కల వాళ్లు పశువైద్య కళాశాలకు ముందు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం రేబిస్. చనిపోయే ముందు రోజుల్లో స్వభావం మారడం, మింగలేకపోవడం, దవడ వేలాడటం, చొంగ, గొంతు మారడం, ఊరికే కరవడం, వీటిలో ఏది ఉన్నా ఆ శవాన్ని ఒట్టి చేతులతో తాకొద్దు, కౌగిలించుకోవద్దు, పిల్లల్ని దగ్గరకు రానివ్వద్దు. చొంగ గాయానికి గానీ, కంటికి, నోటికి గానీ తగిలినవాళ్లు, గీరిపించుకున్నవాళ్లు సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కండకు వేసే టీకాలైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. కుక్కకు టీకా వేయించాం కదా అని మానొద్దు.

బుగ్గవంక

ఇంట్లో రెండో కుక్క ఉంటే, రేబిస్, అంటురోగం అనుమానం లేనప్పుడు, పూడ్చేముందు శవాన్ని ఒకసారి వాసన చూడనివ్వండి. అది వెతుక్కుంటూ తిరగడం తగ్గుతుందని చాలామంది డాక్టర్లు చెబుతారు. చూడకపోతే బలవంతం చేయొద్దు. 2022లో ఇటలీలో 426 మంది యజమానులను అడిగి చేసిన పరిశీలనలో నూటికి 86 మంది, ఒక కుక్క పోయాక మిగిలిన కుక్క తీరు మారిందన్నారు: ఆట తగ్గడం, తిండి తగ్గడం, మనిషిని అంటిపెట్టుకోవడం. యజమానులు చెప్పిన మాటే అది, వాళ్ల దిగులు కూడా అందులో కలిసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

చేయాల్సింది: తిండి వేళ, నడక వేళ మార్చొద్దు. తినడం లేదని చేత్తో బతిమాలి చికెన్ పెట్టడం మొదలుపెడితే అదే అలవాటవుతుంది. పాత కుక్క పడకను వెంటనే ఉతకొద్దు, వారం పది రోజులు అట్లే ఉంచండి. రెండు రోజులు పూర్తిగా తినకపోతే దిగులని వదిలేయకుండా రక్తపరీక్ష చేయించండి. మనవైపు పిడుదుల జ్వరం ఎక్కువ, రెండు కుక్కలూ అవే పిడుదుల మధ్య ఉన్నాయి కదా.

పెన్నఇసక

పిల్లలకు "ఊరికి పోయింది", "నిద్రపోయింది" అని చెప్పొద్దు. ఊరికి పోయిందంటే ఎప్పుడొస్తుందని నెల రోజులు గేటు దగ్గర నిలబడతారు. నిద్రపోయిందంటే పడుకోడానికే భయపడతారు. "చచ్చిపోయింది, దాని ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక రాదు, దానికి నొప్పి కూడా లేదు" అంతే. ఐదేళ్లలోపు పిల్లలు విని ఆడుకోడానికి పోయి, మళ్లీ పది సార్లు అదే అడుగుతారు. పది సార్లూ అదే జవాబు. గుంతలో మట్టి వేస్తామంటే వేయనివ్వండి.

పెద్దవాళ్ల విషయానికొస్తే, "కుక్క కోసం ఇంత ఏడుపా" అనే చుట్టాలు తప్పకుండా వస్తారు. వాళ్లతో వాదించొద్దు, ఆ వారం ఫోన్లు తగ్గించుకోండి. సూది వేయించిన ఇంట్లో "తొందరపడ్డామేమో", వేయించని ఇంట్లో "ఆలస్యం చేశామేమో" అన్న మాట తప్పదు. అందుకే మేడమ్ చెప్పిన మార్కుల కాగితాలు చించేయొద్దు. ఆ రోజు కుక్క ఎట్ల ఉండిందో మన జ్ఞాపకం కంటే ఆ కాగితం సరిగ్గా చెబుతుంది. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి లేకపోతే, బతకాలని లేదనిపిస్తే టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కుక్క అని చెప్పడానికి మొహమాటపడొద్దు.

సప్తగిరి_సర్కిల్

కొత్త కుక్కపిల్లను ఎప్పుడు తెచ్చుకోవచ్చు? ఇంట్లోవాళ్లు వచ్చే వారమే తెద్దామంటాండారు.

కొండారెడ్డి_బురుజు

మనసు సంగతి ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల, నేను ఇంటి సంగతి చెబుతా. పాత కుక్క ముసలితనంతో, గుండెతో, కిడ్నీతో పోతే ఆగే పనిలేదు. పార్వో (కుక్కలకు రక్తవిరేచనాలు తెచ్చే అంటురోగం)తో పోతే ఆ క్రిమి మట్టిలో, గోడ పగుళ్లలో నెలల తరబడి, నీడ ఉన్న చోట ఏడాది దాకా బతుకుతుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తేవొద్దు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా సాగుతాయి. డిస్టెంపర్ అనే ఇంకో అంటురోగం క్రిమి మన ఎండకు ఎక్కువ కాలం నిలవదు.

గిన్నెలు, బండలు సబ్బుతో కడిగి ఆరాక, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. మురికి ఉండగానే బ్లీచ్ పోస్తే పనిచేయదు. ఫినాయిలుకు పార్వో చావదు. ఫినాయిలు, బ్లీచ్ కలపొద్దు, బ్లీచ్, యాసిడ్ అసలే కలపొద్దు, విషవాయువు వస్తుంది. బొంత, చెక్క పడక పారేయండి.

కంపచెట్టు

పిడుదులో? కుక్క పోయినంక కూడా గోడల మీద పాకుతాండాయి.

బుగ్గవంక

అవి తిండి లేకుండా నెలలు ఉంటాయి. గోడ పగుళ్లు, బండల సందులు, తలుపు చట్రం వెనక, పైకప్పు మూలలు చూడండి, ఆడ పిడుదు పైకి పాకి గుడ్లు పెడుతుంది. వేళ్లతో నలపొద్దు. పగుళ్లను సిమెంటుతో పూడ్చి, పిడుదుల మందు డాక్టరు చెప్పిన పాళ్లలో కలిపి కొట్టి, గుడ్లు పొదిగి బయటికొచ్చే వాటి కోసం రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాల. ఆ రోజు పిల్లలు, మిగతా జంతువులు ఇంట్లో ఉండకూడదు, నేల ఆరాకే లోపలికి. కొత్త పిల్ల అడుగుపెట్టేది ఆ రెండో విడత అయినాకే.